ఇంటిపేరు చెప్పగానే ఖాళీ లేదన్నారు

కోనసీమలో ముందు పేరడగరు. "మీ ఇంటిపేరేంటండీ?" అంటారు. ఎంత మర్యాదగా అడుగుతారో! చేతికి కాఫీ గ్లాసిచ్చి మరీ అడుగుతారు. ఇంటిపేరు తెలిస్తే చాలు, కులం తెలిసిపోతుంది. ఊరు తెలిసిపోతుంది. ఏ లంకలో ఎంత కొబ్బరితోట ఉందో అదీ తెలిసిపోతుంది. మాకు ఆ సౌకర్యం లేదు. మా ఇంటిపేర్లు షేక్, సయ్యద్, మహ్మద్, పఠాన్. వీటిలో ఏది చెప్పినా ఎదుటివాడికి అర్థమయ్యేది ఒకటే.

అమలాపురంలో ఒక అయిదంతస్తుల అపార్ట్‌మెంటు గేటుకి 'టు లెట్' బోర్డు వేలాడుతోంది. అది చూసే లోపలికి వెళ్లాం. మా ఖాలా కోసం. ఆమె కొడుకు కువైట్‌లో ఏసీ మెకానిక్కు. ఇక్కడ ఖాలా, కోడలు, ఇద్దరు పిల్లలు. రాజోలు వైపు వాళ్ల పెంకుటిల్లు ప్రతి వానకీ కారుతోంది. పిల్లల్ని పట్నంలో చదివించాలని కొడుకు ఆశ. వాచ్‌మన్ మూడో అంతస్తులో ఫ్లాటు చూపించాడు. ఓనరు ఫోన్లో అద్దె చెప్పాడు, అడ్వాన్సు చెప్పాడు, నీళ్ల మోటారు ఎప్పుడు వేస్తారో కూడా చెప్పాడు. అన్నీ అయ్యాక "ఇంతకీ మీ ఇంటిపేరండీ?" అన్నాడు.

"షేక్ అండి."

అవతల కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత అదే మర్యాద. "అయ్యో, మా ఆవిడ ఎవరికో మాటిచ్చేసిందటండి. ఇప్పుడే చెబుతోంది. ఏమీ అనుకోకండి, ఆయ్."

ఇంటిపేరు వల్ల ఇల్లు పోవడమంటే ఇదే. ఇరవై రోజుల తర్వాత అటువైపు వెళ్తే బోర్డు అక్కడే ఉంది.

మేం జర్నలిస్టులం. నోరు మూసుకుని కూర్చునే అలవాటు తక్కువ. ఆ అపార్ట్‌మెంటు అసోసియేషన్ పెద్దమనిషిని కలిశాం. ఆయన దాచలేదు. ఆ ఒక్క విషయంలో ఆయన్ని మెచ్చుకోవాలి. "మాకు మతం పట్టింపు లేదండి. మా పెద్దాళ్లు పీర్ల పండక్కి పానకం పోసినోళ్లేనండి. ఇది సేఫ్టీ విషయమండి. ఆడాళ్లు, పిల్లలు ఉంటారు కదండీ. మీవాళ్లకి చుట్టాలెక్కువ. రాత్రిళ్లు వస్తారు, పోతారు. ఎవరెవరో తెలీదు" అన్నాడు. నాన్‌వెజ్ వాసన సంగతి కూడా ఎత్తాడు. అప్పటికి శ్రావణం. గోదావరి ఎర్రనీరు దిగి పులసలు పడే రోజులు. మేం నిలబడ్డ మెట్ల దగ్గరికే పై ఏ అంతస్తు నుంచో పులస పులుసు వాసన దిగి వస్తోంది. పులస వాసన సంస్కృతి అట. మా దస్తర్‌ఖాన్ వాసన కాలుష్యమట.

సరే, భద్రత అన్నారు కదా. ఆ భద్రత గురించే మాట్లాడుకుందాం. ఆయన చెప్పింది విని, మెట్ల మీదుగా పైదాకా ఎక్కి మా కళ్లతో మేం చూసింది రాస్తున్నాం.

లిఫ్టు పనిచేయడం లేదు. మెట్లదారి మధ్యలో రెండు చోట్ల ఫ్లాటు వాళ్లు తమ వాకిలి దాటి ముందుకొచ్చి ఇనుప గ్రిల్లు బిగించుకున్నారు. అక్కడ మనిషి పక్కకి తిరిగి నడవాలి. మెట్ల కింద పాత సోఫా, పెయింటు డబ్బాలు, ఎవరిదో పెళ్లి షామియానా గుడ్డ. కరెంటు మీటర్లన్నీ ఆ మెట్ల మొదట్లోనే ఉన్నాయి, వాటి పక్కన ఖాళీ గ్యాస్ సిలిండర్లు. స్టిల్టు అంటే బళ్లు పెట్టుకోవడానికి వదిలిన అంతస్తు. అందులో సగానికి గోడ కట్టి ఎరువుల బస్తాల గోదాముకి అద్దెకిచ్చారు. మేడమీది తలుపుకి తాళం. తాళంచెవి ఎవరి దగ్గరుందో వాచ్‌మన్‌కి తెలియదు. నిప్పు ఆర్పే ఎర్ర సిలిండరు ఒక్కటి గోడకుంది. దానిమీద చీటీలో అంకెలు చెరిగిపోయాయి.

ఈ ఇంట్లో భద్రతకి ముప్పు మా ఖాలా అట. అరవై రెండేళ్ల మనిషి. మోకాళ్ల నొప్పులు.

మావాళ్లకి, లౌకిక మిత్రులకి ఒక లెక్క చెప్పాలి. 2017లో రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన భవన నిర్మాణ నిబంధనల ప్రకారం 18 మీటర్లు, ఆపైన ఎత్తున్న కట్టడమే హైరైజ్. హైరైజ్ అయితే చుట్టూ ఫైరింజను తిరిగేంత ఖాళీ వదలాలి, అగ్నిమాపక శాఖ నుంచి అనుమతి తెచ్చుకోవాలి, నీళ్ల ట్యాంకులు, పంపులు, పైపులు పెట్టాలి. బిల్డరు ఏం చేస్తాడు? స్టిల్టు వేసి, దానిమీద అయిదంతస్తులు లేపి, 18 మీటర్లకి వెంట్రుకవాసి కింద ఆపేస్తాడు. కాగితం మీద అది ఎత్తయిన మేడ కాదు. అయిదో అంతస్తు కిటికీ పట్టుకుని కిందికి చూసే ముసలమ్మకి మాత్రం ఎత్తే. కోనసీమ పట్టణాల్లో గత ఇరవై ఏళ్లలో లేచిన మేడల్లో చాలా వాటికి ఇదే కొలత. ఆ కొలత బిల్డరు బడ్జెట్టు కోసం పుట్టింది. అందులో ఉండబోయే మనుషుల్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

పైగా ఈ నేల ఎలాంటిది? గౌతమి, వైనతేయ, వశిష్ఠ పాయల మధ్య, సముద్రం ఒడిలో, గోదావరి తెచ్చిపోసిన ఒండ్రు. గజం తవ్వితే నీరు. వరిచేలకి, పంటబోదెలకి మట్టి తోలి లేఅవుట్లు వేశారు. నీరు పోయే దారి మూసి పార్కింగ్ కట్టారు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద చూసిన నేల ఇది. 2022 జూలైలో మళ్లీ పాతిక లక్షలు దాటింది, లంకల్లో పడవల మీద మంచినీళ్లు అందించారు. మా తాతలకి ఇంజనీరింగు తెలియదు. అయినా ఇల్లు కట్టేముందు అరుగు ఎత్తు లేపేవాళ్లు. ఏటి నీరు ఎంతదాకా వస్తుందో వాళ్లకి గుర్తుండేది. ఇప్పుడు లిఫ్టు గుంట నేలకింద తవ్వుతున్నారు. ప్రతి ముసురుకీ అందులో నీళ్లు. ప్రతి ముసురుకీ లిఫ్టు బందు.

1996 నవంబరు 6 రాత్రి మాకు బాగా గుర్తు. అప్పటికి హైస్కూల్లో ఉన్నాం. తుపాను కోనసీమ మీదుగా పోయింది. తెల్లారేసరికి కొబ్బరిచెట్లు దువ్వెనతో దువ్వినట్టు ఒకే వైపుకి పడి ఉన్నాయి. వెయ్యిమందికి పైగా పోయారు, వేటకెళ్లిన పడవలు తిరిగి రాలేదు. ఆ రాత్రి మా వీధిలో స్లాబు ఇల్లు ఒక్కటే. పెద్దకులపు రైతుది. ఆ ఇంటి తలుపు కొట్టాం. ఆయన ఇంటిపేరు అడగలేదు. అడిగే టైమూ లేదు, మేమెవరమో ఆయనకి ముందే తెలుసు. అమ్మీ, మేం, పక్కింటి కంసాలి వాళ్లు, అందరం ఆ ఇంటి వసారాలోనే. ఇది చెప్పి కన్నీళ్లు పెట్టించాలని కాదు. ఎందుకంటే అదే రాత్రి మాలపల్లి నుంచి వచ్చినవాళ్లని పశువుల పాకలో ఉంచారు. అదీ మాకు గుర్తుంది. ఆనాటి ఊరు స్వర్గమని ఎవరైనా అంటే మేం ఒప్పుకోం. కానీ ఆ ఊళ్లో చావు దగ్గరకొచ్చినప్పుడు తలుపు తీసే రివాజు ఒకటుండేది. అపార్ట్‌మెంటు దాన్ని కూడా తీసేసి గేటుకి రిజిస్టరు తగిలించింది.

భద్రత భద్రత అని జపం చేసేవాళ్లని ఇంకో మాట అడగాలి. కోనసీమని భయపెట్టిందెవరు? 1995 జనవరి 8న పాశర్లపూడిలో ఓఎన్‌జీసీ బావి పేలి 65 రోజులు మండింది. రాత్రిళ్లు మైళ్ల దూరంలో కూడా ఎర్రటి ఆకాశం. ఆ మంట పెట్టింది మేమా? 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం గ్రామంలో గెయిల్ గ్యాసు పైపులైను పేలింది. ఇళ్లలో నిద్రపోతున్నవాళ్లు నిద్రలోనే కాలిపోయారు. ఇరవై మందికి పైగా చనిపోయారు. కొబ్బరిచెట్లు నిలువునా మాడి కట్టెలై నిలబడ్డాయి. మావాళ్లు రంజాన్ నెలవంక కోసం ఎదురుచూస్తున్న రోజులవి. ఆ మర్నాడే, జూన్ 28న, చెన్నై మౌలివాక్కంలో కడుతూ ఉన్న 11 అంతస్తుల మేడ కూలి 61 మంది పోయారు. చాలామంది శ్రీకాకుళం, విజయనగరం నుంచి వలసపోయిన మన కూలీలే. 2016 డిసెంబరులో హైదరాబాదు నానక్‌రామ్‌గూడలో అనుమతి లేని ఏడంతస్తుల మేడ కూలింది. అక్కడా కూలీలే. వీళ్లని చంపింది చుట్టాలెక్కువున్న సాయిబులు కాదు. పైపు తుప్పు, ఇసుక కల్తీ, లంచం తీసుకున్న సంతకం.

2022 మే 24న అమలాపురంలో ఏం జరిగిందో అందరికీ తెలుసు. జిల్లాకి అంబేద్కర్ పేరు పెట్టొద్దని మూక రోడ్డెక్కింది, మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టింది. అది మా మీద గొడవా కాదు, మేం లేపిన గొడవా కాదు. ఆ తర్వాత ఏ అసోసియేషనైనా ఫలానా కులంవాళ్లకి అద్దెకివ్వొద్దు, వాళ్లతో ప్రమాదం అని తీర్మానం చేసిందా? మేం వినలేదు. అలా చేయాలని మేం అనడం లేదు కూడా. ఒక మనిషి చేసిన పనికి ఆ మనిషినే పట్టుకోవాలన్న న్యాయం అందరికీ వర్తించి మా గేటు దగ్గరే ఎందుకు ఆగిపోతుందని అడుగుతున్నాం.

మంట పేరడగదు. 2017 జూన్ 14న లండన్‌లో గ్రెన్‌ఫెల్ టవర్ కాలింది. 24 అంతస్తులు, 72 మంది. ఆ మేడలో ఉన్నవాళ్లు ఎక్కువమంది పేదలు, వలస వచ్చినవాళ్లు. చాలామంది ముస్లింలు. ఇది ప్రమాదకరంగా ఉందని అంతకు చాలా నెలల ముందునుంచీ వాళ్లు మొత్తుకున్నారు. ఎవరూ వినలేదు. అందంగా కనపడటానికి తగిలించిన పైతొడుగే మంటని మేడంతా పాకించింది. అది రంజాన్ నెల. సహెరీ కోసం మేలుకుని ఉన్న ముస్లింలు పొగ చూసి ఇరుగుపొరుగుల తలుపులు బాది లేపారని ఆనాటి పత్రికలే రాశాయి. రాత్రిళ్లు మేలుకుని ఉంటారు, వస్తారు, పోతారు అని మా మీద ఫిర్యాదు కదా. ఆ మేలుకుని ఉండటమే కొందరి ప్రాణం నిలిపింది. ఈ మాట ఆ పెద్దమనిషికి చెబితే ఆయన "అది లండన్ కదండీ" అన్నాడు.

లండన్ వద్దు, కువైట్ చూడండి. కోనసీమ నుంచి ఎన్ని వేలమంది గల్ఫులో ఉన్నారో మామిడికుదురు, రాజోలు, మలికిపురంలో డబ్బు మార్చే దుకాణాలే చెబుతాయి. 2024 జూన్ 12న కువైట్ మంగాఫ్‌లో వలస కార్మికులుండే మేడ కాలింది. కింది అంతస్తులో మొదలైన మంట. ఒక్క మేడలో రెండొందల మంది దాకా ఉన్నారు. పొగలో ఊపిరాడక దాదాపు 50 మంది పోయారు, అందులో 45 మంది భారతీయులు, ముగ్గురు మన ఆంధ్రప్రదేశ్ వాళ్లు. పైకప్పు తలుపు తాళం వేసి ఉందని వార్తలొచ్చాయి. ఆ రోజు మా ఖాలా మధ్యాహ్నం దాకా అన్నం ముట్టలేదు. కొడుకు ఫోన్ చేసి "ఖైరియత్‌గానే ఉన్నా అమ్మీ, మా బిల్డింగు వేరే" అన్నాక లేచింది. కొడుకు అక్కడ తాళం వేసిన మేడ కింద నిద్రపోతాడు. వాడు పంపే డబ్బుతో తల్లి ఇక్కడ తాళం వేసిన మేడలో చోటు అడుక్కుంటుంది. అక్కడ కఫీల్, ఇక్కడ అసోసియేషన్.

ఇప్పుడు మావాళ్ల సంగతి. ఇది రాయకపోతే పై రాతంతా దొంగరాత అవుతుంది. 2023 నవంబరు 13న హైదరాబాదు నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్ట్‌మెంటు కింద నిలవచేసిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని తొమ్మిదిమంది పోయారు. పై అంతస్తుల్లో అద్దెకున్న మావాళ్లు, పసిపిల్లలతో సహా. "మన మొహల్లాలో ఉంటే హిఫాజత్" అని చిన్నప్పటినుంచీ వింటున్నాం. బయట ఇల్లివ్వరు కాబట్టి మొహల్లాలోకి, మొహల్లాలో చోటు లేదు కాబట్టి పైకి. రెండంతస్తుల పునాది మీద నాలుగు, నాలుగింటి మీద పెంట్‌హౌసు. కట్టేది మన బిల్డరు భాయే. మసీదు కమిటీలో ముందు వరసలో కూర్చుంటాడు. ఫైరింజను రాని గల్లీలో కట్టాడేమని అడిగితే "అల్లా మాలిక్" అంటాడు. అల్లా మాలికే, కానీ మెట్లు వెడల్పుగా కట్టొద్దని అల్లా చెప్పలేదు. ఈ భాయే దూదేకుల కుటుంబానికి ఫ్లాటు అమ్మడానికి నసుగుతాడు, "వాళ్లు మనలాంటివాళ్లు కాదు" అంటాడు. మాదిగ కుర్రాడికి గది అద్దెకివ్వడు. ఒంటరి ఆడదానికి అసలే ఇవ్వడు. జుమ్మా ఖుత్బాలో పొరుగువాడి హక్కు గురించి విని, చెప్పులేసుకుని గేటు దాటేలోపు మర్చిపోతాం. అసోసియేషన్ పెద్దమనిషి మమ్మల్ని అడిగిన ఇంటిపేరే మేం మా కిందివాడిని అడుగుతున్నాం.

అది ఒప్పుకుంటూనే ఇంకో మాట. మొహల్లాలోకి మమ్మల్ని నెట్టిందెవరో మర్చిపోవద్దు. "మీరంతా ఒకేచోట గుంపుగా ఉంటారేంటండీ, కలిసిపోరేం?" అని సెమినార్లలో అడిగే మిత్రులున్నారు. కలవడానికే కదా ఆ గేటు దాకా వచ్చాం! 2006లో సచార్ కమిటీ రిపోర్టు ఇదే చెప్పింది, ఇల్లు కొనబోయినా అద్దెకి అడిగినా ముస్లింలకి వివక్ష ఎదురవుతోందని. 2015లో సుఖదేవ్ థోరట్ బృందం ఢిల్లీ చుట్టుపక్కల చేసిన పరిశీలన కూడా అదే తేల్చింది. ఒకే ఆదాయం, ఒకే ఉద్యోగం, పేరు మారితే జవాబు మారింది. దళితులకి కొంత, ముస్లింలకి ఇంకా ఎక్కువ. 2005లో పార్సీల హౌసింగ్ సొసైటీ కేసులో సుప్రీంకోర్టు, సొసైటీ తన సభ్యత్వాన్ని ఒకే మతంవాళ్లకి పరిమితం చేసుకోవచ్చని తీర్పు చెప్పింది. రాజ్యాంగం పదిహేనో అధికరణం దుకాణం, హోటలు, బావి, రోడ్డు పేర్లు రాసింది. అద్దె ఇల్లు రాయలేదు. బావి దగ్గర ఆపితే నేరం, వాకిట్లో ఆపితే ఓనరు ఇష్టం.

అన్నిటికంటే విచిత్రం పేదల అపార్ట్‌మెంటు. అమలాపురం పట్టణ పేదల కోసం అల్లవరం మండలం బోడసకుర్రులో టిడ్కో ఇళ్లు కట్టారు. జి ప్లస్ త్రీ. మూడొందల అడుగుల ఇల్లు, ఊరికి దూరం. రోడ్డు, నీళ్లు, డ్రైనేజీ కోసం ఏళ్లు ఎదురుచూడాల్సి వచ్చింది. పై అంతస్తు దక్కిన ముసలివాళ్లు మెట్లెక్కి దిగలేక అవస్థ పడాల్సిందే. వసతి లెక్కన చూస్తే అక్కడ తిట్టడానికి చాలా ఉంది. కానీ అక్కడ ఇల్లు లాటరీలో వస్తుంది. లాటరీ ఇంటిపేరు అడగదు. అందుకే పేదల మేడలో పక్కపక్క తలుపుల మీద శిలువ, మామిడాకు తోరణం, 786 చూడొచ్చు. అదికూడా ఎన్నాళ్లో తెలీదు. గుజరాత్‌లో వడోదర హర్ణిలో, 460కి పైగా ఫ్లాట్లున్న ప్రభుత్వ కాలనీలో, ఒకే ఒక్క ముస్లిం స్త్రీకి ఇల్లు మంజూరైతే ఆమె రావొద్దని మిగతావాళ్లు రోడ్డెక్కారు. 2024 జూన్‌లో కూడా ఆందోళన చేశారు. కారణం ఏమని రాశారు? ప్రశాంతత, భద్రత.

లౌకిక మిత్రులారా, కోపం ఎక్కువగా మీమీదే. ఓనరు మీద కాదు. ఆయన తన భయం తాను చెప్పాడు. మీలో ఒకరు అదే అపార్ట్‌మెంటు నాలుగో అంతస్తులో ఉంటారు. మా పుస్తకాల ఆవిష్కరణకి వస్తారు, మతసామరస్యం మీద గంటసేపు మాట్లాడతారు, ఈద్‌కి మా ఇంట్లో షీర్‌ఖుర్మా తాగుతారు. మా ఖాలా సంగతి చెబితే తలవంచుకుని "అసోసియేషన్ నిర్ణయం సార్. నేనొక్కణ్ణీ ఏం చేస్తాను? రేపు నీళ్ల దగ్గర్నుంచి ఇబ్బంది పెడతారు" అన్నారు. నిజమే కావొచ్చు. ఒక మోటారు నీళ్ల కోసం ఎక్కడెక్కడ ఆగిపోతామో మాకూ తెలుసు, మేమూ ఆగాం. కానీ ఆ మీటింగులో మతం గురించి మాట్లాడక్కర్లేదు. మేడమీది తలుపు తాళం తీయండి, మెట్లమీది గ్రిల్లు కోయించండి, స్టిల్టులో బస్తాలు ఎత్తించండి అని అడిగి ఉండొచ్చు. అవి అడిగినవాడిని సూడో సెక్యులర్ అని ఎవరూ అనరు. అవి కూడా ఎందుకు అడగలేదు? ఎందుకంటే ప్రమాదమంటే బయటినుంచి గేటులోకి వచ్చేదే అని మీకూ నమ్మకం కుదిరింది. అందుకే మీ మెట్ల కింద ఉన్న ప్రమాదం మీకు కనపడటం లేదు.

ఉర్దూలో మకాన్ వేరు, ఘర్ వేరు. గోడలు, పైకప్పు ఉంటే మకాన్. మనుషులు ఒకరికొకరు తెలిస్తే ఘర్. తెలుగులో రెండూ ఇల్లే. రెండు భాషల్లో బతికేవాళ్లం కాబట్టి ఈ తేడా మమ్మల్ని కుట్టినంతగా మిమ్మల్ని కుట్టదేమో.

ఖాలా ఇంకా పెంకుటింట్లోనే ఉంది. ఈ వానాకాలం కారే చోట్ల గిన్నెలు పెట్టుకుంది. కోడలు రోజూ పిల్లల్ని బస్సెక్కించి వస్తోంది.

మొన్న ఆ అపార్ట్‌మెంటు వాచ్‌మన్ తనే ఫోన్ చేశాడు. పాపం, మంచివాడు. "సార్, అయిదో అంతస్తులో ఫ్లాటు ఖాళీగా ఉందండి. లిఫ్టు లేదని ఎవరూ రావట్లేదండి. శ్లాబు కొంచెం కారుద్దండి. ఓనరుగారు ఎవరికైనా ఇచ్చెయ్యమన్నారండి. ఈసారి ఇంటిపేరు అడగరులెండి" అన్నాడు.

"మేడమీది తలుపు తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలిసిందా?" అని అడిగాం.

"తెలిసిందండి. ప్రెసిడెంటుగారి దగ్గరుందండి. ఆయన హైదరాబాదులో ఉంటారండి, ఆయ్."